పాత సిమెంట్ రేకులు తీయిస్తున్నారా? తక్కువ రేటు చెప్పిన మేస్త్రిని ముందు ఈ ప్రశ్నలు అడగండి!

ఎండాకాలం వచ్చిందంటే రేకుల ఇల్లు పెనం మీద ఉన్నట్టే. చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే చాలామంది చేసే మొదటి పని.. పాత సిమెంట్ రేకులు తీయించి స్లాబ్ వేయించడం, లేదంటే రంగు ఇనుప రేకులు వేయించడం. మేస్త్రి వస్తాడు, పైకి ఒకసారి చూస్తాడు, "ఒక్క పూటలో దించేస్తాం" అంటాడు. మర్నాడు ఇద్దరు కుర్రాళ్లు సుత్తులు పట్టుకుని పైకెక్కుతారు. మధ్యాహ్నానికల్లా ఇంటి ముందు ముక్కల కుప్ప, వీధంతా దుమ్ము.

అసలు సమస్య ఆ దుమ్ముతోనే.

మన దగ్గర సిమెంట్ రేకులని పిలిచే పాత రేకులు చాలా వరకు ఆస్బెస్టాస్ రేకులే. సిమెంట్‌లో సుమారు 8 నుంచి 10 శాతం ఆస్బెస్టాస్ పీచు కలిపి వీటిని తయారు చేస్తారు. ఈ పీచు కంటికి కనిపించనంత సన్నగా విడిపోతుంది. ఊపిరితో లోపలికి వెళ్తే అంత తేలిగ్గా బయటకు రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం అన్ని రకాల ఆస్బెస్టాస్‌నూ క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో పెట్టింది. ఊపిరితిత్తుల క్యాన్సర్, ఊపిరితిత్తుల పొరకు వచ్చే మెసోథెలియోమా, ఊపిరితిత్తులు గట్టిపడిపోయే ఆస్బెస్టోసిస్.. ఇవీ దీంతో వచ్చే జబ్బులు. బయటపడటానికి 20 నుంచి 40 ఏళ్లు కూడా పట్టొచ్చు. అందుకే రేకులు పగలగొట్టిన కుర్రాడికి ఆ రోజు కాస్త దగ్గు తప్ప ఏమీ తెలియదు. ఒక్క రోజు దుమ్ముకి ఇంటివాళ్లకు ఉండే ముప్పు తక్కువే కావొచ్చు. కానీ ఇదే పని ఏళ్ల తరబడి చేసే కూలీ పరిస్థితి వేరు.

ముందు ఒక ప్రశ్న.. అసలు తీయాలా?

ఖర్చు తగ్గించుకునే మొదటి దారి ఇదే. రేకు పగలకుండా, అంచులు పొడిగా రాలకుండా గట్టిగా ఉంటే పీచు సిమెంట్‌లోనే బిగుసుకుని ఉంటుంది. అలాంటి కప్పును కదపకుండా వదిలేయడమే చాలా సందర్భాల్లో మేలు. పైన రంగు లేదా కోటింగ్ వేయిస్తే సరిపోతుంది. అయితే రంగు వేసే ముందు వైర్ బ్రష్‌తో గీకడం, ప్రెషర్ పంపుతో కడగడం మాత్రం వద్దు. నాచు పోవాలని చేసే ఈ పనే పీచును బయటకు తెస్తుంది.

రేకులు పగిలి కారుతున్నా, ఎలాగూ పై అంతస్తు వేయాల్సి ఉన్నా అప్పుడు తీయించక తప్పదు. రేకులో ఆస్బెస్టాస్ ఉందో లేదో కంటితో చూసి చెప్పలేం, ల్యాబ్‌లోనే తేలుతుంది. పరీక్ష చేయించే ఉద్దేశం లేకపోతే పాత రేకుల్లో అది ఉందనే అనుకుని పని చేయించుకోవడం సేఫ్.

బిల్లు ఎక్కడ పెరుగుతుంది?

చాలామంది గొడవపడేది ఇక్కడే. 3 మీటర్ల రేకు, అదే మన పది అడుగుల రేకు, వెడల్పు 1.05 మీటర్లు ఉంటుంది. ఒక రేకు మీదకు ఇంకో రేకు ఎక్కించి బిగిస్తారు కాబట్టి ఇంటి వైశాల్యం, రేకుల వైశాల్యం ఒకటి కావు. ఉదాహరణకు లోపల 22 అడుగులు, 18 అడుగుల కొలతతో దాదాపు 400 చదరపు అడుగుల ఇల్లు ఉందనుకుందాం. చూరుతో కలిపి ఇలాంటి రేకులు 14 పడతాయి. వాటిని పరిచి కొలిస్తే 475 చదరపు అడుగుల దాకా వస్తుంది. మేస్త్రి రేటు అడుగుకి చెప్పాడా, రేకుకి చెప్పాడా, మొత్తం గుత్తకు చెప్పాడా అన్నది ముందే తేల్చుకోకపోతే చివర్లో 75 అడుగుల తేడా మీద మాటా మాటా పెరుగుతుంది.

ఇక బరువు. ఇలాంటి రేకు ఒక్కోటి సుమారు 40 కిలోలు. 14 రేకులంటే అర టన్ను పైమాటే. సాబుతుగా దించాలంటే పరంజా, తాళ్లు, కనీసం నలుగురు మనుషులు, బండి కావాలి. సుత్తితో కొట్టి కింద పడేయడానికి ఇవేవీ అక్కర్లేదు. రెండు రేట్ల మధ్య తేడా చాలా వరకు ఇదే. తక్కువకు ఒప్పుకున్న మేస్త్రి మాయ చేయడు, కొన్ని పనులు వదిలేస్తాడు అంతే.

కాబట్టి ఎస్టిమేట్ ఒకే అంకెగా కాకుండా విడివిడిగా రాయించుకోవాలి. దించే కూలీ ఎంత, పరంజా ఎంత, మాస్కులు, ప్లాస్టిక్ షీట్లు ఎంత, బండి కిరాయి ఎంత, రేకులు చివరికి ఎక్కడికి వెళ్తాయి, దానికి ఎంత? కొత్త కప్పు ఖర్చు ఇందులో కలపొద్దు. రెండూ కలిపి రాస్తే దించే పనికి ఎంత పెట్టారో, అసలు పెట్టారో లేదో కూడా తెలియదు.

"పాత రేకులు మేమే తీసుకెళ్తాం, కూలీలో తగ్గించుకుంటాం" అనే ఆఫర్ వినడానికి బాగుంటుంది. ఆ రేకులు వేరే ఊళ్లో పశువుల కొట్టానికో, వంటపాకకో కప్పుగా మారొచ్చు. పనికిరాని ముక్కలు చెరువు కట్ట మీదో, ఖాళీ ప్లాటులోనో పడతాయి. అక్కడ పిల్లలు ఆడుకుంటారు.

మంచి కాంట్రాక్టర్‌ను గుర్తుపట్టేదెలా?

ఆస్ట్రేలియా లాంటి చోట ఈ పనికి క్లాస్ ఏ, క్లాస్ బీ అని లైసెన్సులు ఉంటాయి. మన దగ్గర ఇంటి కప్పు దించడానికి అలా లైసెన్స్ చూపించమని అడిగే వ్యవస్థ లేదు. బోర్డు మీద పేరును బట్టి కాదు, పని ఎలా చేస్తాడో చెప్పించుకుని నిర్ణయించుకోవాలి. భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ ఆస్బెస్టాస్ వస్తువుల సురక్షిత వాడకానికి ఐఎస్ 11769, వ్యర్థాల పారవేతకు ఐఎస్ 11768 ప్రమాణాలు తెచ్చింది. వాటి పేరైనా విన్న కాంట్రాక్టర్ దొరికితే సగం పని అయినట్టే. దొరకకపోయినా ఇబ్బంది లేదు, మామూలు మాటల్లోనే అడగొచ్చు.

"బోల్టులు ఎలా తీస్తారు?" ఇది మొదటి ప్రశ్న. స్పానర్‌తో విప్పుతాం, తుప్పు పట్టి రాకపోతే బోల్టునే కట్ చేస్తాం అంటే సరైన జవాబు. రేకు కొట్టేస్తాం, కటింగ్ మెషిన్ పెడతాం అన్నారంటే అక్కడితో ఆపేయండి. ఆ మెషిన్ లేపే దుమ్ము సుత్తి లేపేదానికన్నా ఘోరం.

రెండోది తడపడం. రేకును ముందుగా నీళ్లతో తడిపితే దుమ్ము లేవదు. నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ కొన్ని చుక్కలు కలిపితే తడి బాగా పడుతుంది. పొలంలో మందు కొట్టే స్ప్రేయర్ లాంటిది కొత్తది ఉంటే చాలు. కానీ తడిసిన రేకు జారుతుంది, కాబట్టి పరంజా మీద నిలబడే కొట్టాలి.

మూడోది మనిషి ప్రాణం. పాత రేకు మీద అడుగేస్తే విరిగి కింద పడటం ఎప్పుడూ వినే ప్రమాదమే. క్యాన్సర్ ఇరవై ఏళ్ల తర్వాతి సంగతి, ఇది ఆ నిమిషం సంగతి. రేకు మీద ఎవరూ నడవకుండా పని ఎలా చేస్తారు, నడుముకి బెల్టు కడతారా, కూలీలకు ఇన్సూరెన్స్ ఉందా అని అడగడం మొహమాటం పడాల్సిన విషయం కాదు.

మాస్క్ విషయంలో చాలామంది పొరపాటు పడతారు. ముఖానికి కండువా చుట్టుకున్నా, మందుల షాపులో దొరికే నీలం మాస్క్ పెట్టుకున్నా ఈ పీచు ఆగదు. ఎఫ్ఎఫ్‌పీ3, లేదా పీ100 ఫిల్టర్ ఉన్న మాస్క్ కావాలి. పని బట్టలతోనే ఇంటికెళ్లి పిల్లల్ని ఎత్తుకుంటే దుమ్ము అక్కడికీ చేరుతుంది. మార్చుకునే బట్టలు తెచ్చుకోమని చెప్పే మేస్త్రి ఉంటే అతనికి ఓ వంద ఎక్కువిచ్చినా నష్టం లేదు.

దించిన రేకులను రెండు పొరల మందపాటి ప్లాస్టిక్‌లో చుట్టి టేపు వేయాలి. కింద పడిన ముక్కలను చీపురుతో ఊడ్చకూడదు, తడి గుడ్డతో ఎత్తి కవర్లో వేయాలి. పని జరిగేటప్పుడు ఇంట్లోవాళ్లు, ముఖ్యంగా పిల్లలు వేరే చోట ఉండాలి. మంచినీళ్ల డ్రమ్ములు, సంపు మూత గట్టిగా కప్పాలి. పక్కింటివాళ్లకు ముందురోజే చెబితే బట్టలు ఆరేయరు.

చివరికి ఎక్కడ వేయాలి?

చిక్కంతా ఇక్కడే ఉంది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల జాబితాలో పారేసిన ఆస్బెస్టాస్ పేరు ఉంది. కానీ ఆ జాబితా ప్రధానంగా ఫ్యాక్టరీలను దృష్టిలో పెట్టుకుని రాసింది. ప్రమాదకర వ్యర్థాలను శుద్ధి చేసి పూడ్చే కేంద్రాలు హైదరాబాద్ శివార్లలో దుండిగల్ దగ్గర, అనకాపల్లి జిల్లాలో పరవాడ దగ్గర ఉన్నాయి. ఇవి పరిశ్రమల కోసం పెట్టినవి. ఫ్యాక్టరీ షెడ్డు, గోడౌన్, అపార్ట్‌మెంట్ లాంటి పెద్ద పని అయితే కాంట్రాక్టర్ అక్కడ అప్పగించిన రసీదు తెచ్చి చూపించాకే చివరి వాయిదా ఇవ్వాలి. చిన్న ఇంటివాళ్లు మున్సిపాలిటీలోనో, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయంలోనో పని మొదలుపెట్టక ముందే అడిగి తెలుసుకోవాలి. రేకులు దించి వీధిలో పెట్టాక అడిగితే బండి మీటర్ తిరుగుతూనే ఉంటుంది.

ఫ్యాక్టరీల్లో పాత బాయిలర్లు, ఆవిరి పైపుల చుట్టూ చుట్టిన ఆస్బెస్టాస్ మాత్రం ఈ లెక్కలోకి రాదు. చేత్తో నలిపితేనే పొడి అవుతుంది, రేకుల కంటే ఎన్నో రెట్లు ప్రమాదం. దాన్ని ఊళ్లో మేస్త్రికి అప్పగించొద్దు.

అమెరికాలో పాత ఇల్లు కొనే తెలుగువాళ్లకు ఒక్క మాట. ఆస్బెస్టాస్ ఉందో లేదో చెప్పే ఇన్‌స్పెక్టర్, దాన్ని తీసే కాంట్రాక్టర్ ఒకే కంపెనీ వాళ్లు కాకూడదని అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ సలహా ఇస్తోంది. ఉందని చెప్పినవాడికే తీసే పని దక్కితే ఏం చెబుతాడో ఊహించొచ్చు.

ఇక మన ఊళ్లో డబ్బు ఇచ్చే పద్ధతి. అడ్వాన్స్ కొంచెమే ఇవ్వండి, మిగతాది రేకులు దిగాక ఒకసారి, అవి ఎక్కడికి చేరాయో ఫొటోనో రసీదో వచ్చాక మరోసారి. బండి నంబర్ రాసి పెట్టుకోండి.