చెవికి అందని వ్యాకరణం

ఢిల్లీ పాఠశాలలలో ఫ్రెంచి తీసుకొనే విద్యార్థులలో పెక్కుమందిని ఆకర్షించేది ఆ భాషా సాహిత్యం కాదు. అందులో మార్కులు సులువుగా వస్తాయన్న నమ్మకం. కేంద్రీయ మాధ్యమిక విద్యామండలి పదవ తరగతి ఫ్రెంచి ప్రశ్నపత్రానికి 80 మార్కులు. అందులో వ్యాకరణ, రచనా విభాగాలదే సగానికి మించిన వాటా. కనుకనే మాదిరి లేఖలను కంఠస్థం చేయించే పద్ధతి వేళ్ళూనుకొన్నది. అయితే ప్రశ్నలో ఒక్క షరతు మారితే చాలు, కంఠస్థమైన లేఖ అక్కరకు రాదు.

అసలు చిక్కు ఉచ్చారణకు, వ్రాతకు మధ్యనున్న దూరంలో ఉన్నది. తెలుగులో మాట్లాడుతాను, మాట్లాడుతావు, మాట్లాడుతారు అన్నప్పుడు కర్త ఎవరో చెవికే తెలుస్తుంది. ఫ్రెంచిలో నేను, నీవు, వారు అన్న మూడింటికీ ఆ క్రియ 'పార్ల్' అనే వినిపిస్తుంది. వ్రాతలో మాత్రం మూడు తుదులు. చెవిని నమ్మి వ్రాసే విద్యార్థి ఇక్కడే మార్కులు కోల్పోతాడు.

లింగభేదం రెండవ చిక్కు. ప్రాణంలేని వస్తువులకు స్త్రీపుంలింగాలు అంటగట్టడం తెలుగువారికి కొత్త. హిందీ వచ్చినవారికి కాదు. కాని హిందీ లెక్క అన్నివేళలా పనికిరాదు. బల్ల రెండు భాషలలోనూ స్త్రీలింగమే. పుస్తకమో, హిందీలో స్త్రీలింగం, ఫ్రెంచిలో పుంలింగం. ఇల్లు అందుకు తారుమారు.

భూతకాలం విషయంలో మాత్రం హిందీ కొంత తోడ్పడుతుంది. 'లడ్కీ గయీ' అన్నప్పుడు క్రియ కర్తను అనుసరిస్తుంది; 'లడ్కీ నే ఖత్ లిఖా' అన్నప్పుడు అనుసరించదు. ఫ్రెంచిలోనూ వెళ్ళుట, వచ్చుట వంటి కొన్ని క్రియలకు ఒక సహాయక క్రియ, వ్రాయుట, తినుట వంటి వాటికి వేరొకటి. మొదటి వర్గంలోనే క్రియారూపం కర్త లింగవచనాలను అనుసరిస్తుంది. 'ఆమె వెళ్ళినది' అని వ్రాసేటప్పుడు చివర ఒక అక్షరం చేరుతుంది. 'అలే' అన్న ఉచ్చారణ మాత్రం మారదు.

ఇందుకు మార్గం ఖర్చుతో కూడినది కాదు. నామవాచకాన్ని ఒంటరిగా కాక, దాని ముందుండే లింగసూచక పదంతో కలిపి నేర్వాలి. ఫ్రాన్సు పాఠశాలలలో తరతరాలుగా సాగుతున్న ఉక్తలేఖనం రోజుకు పది పంక్తులైనా చేయాలి. బాలుడు వ్రాసినట్లున్న లేఖను బాలిక వ్రాసినట్లుగా, ఏకవచనాన్ని బహువచనంగా మార్చి వ్రాస్తే, ఏయే మాటలు మారవలెనో చేతికే అలవడుతుంది. వ్రాసిన దానిని మూడుసార్లు దిద్దుకోవాలి: ఒకసారి క్రియల కోసం, ఒకసారి విశేషణాల కోసం, ఒకసారి భూతకాలం కోసం.

2020 జాతీయ విద్యావిధానం విద్యార్థి నేర్చే మూడు భాషలలో కనీసం రెండు భారతీయ భాషలై ఉండాలన్నది. ఫ్రెంచి సహా కొన్ని విదేశీ భాషలను మాధ్యమిక దశలో నేర్పవచ్చుననీ చెప్పినది. 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న యానాం తెలుగువారికి ఆ భాష ఏలికల భాషగా వచ్చినది. నేటి విద్యార్థి దానిని తానై కోరుకొంటున్నాడు. ఏళ్ళ తరబడి చదివి, పరీక్ష ముగిసిన మరునాడు సొంతంగా ఒక లేఖ వ్రాయలేకపోతే, మార్కుల పత్రం తప్ప అతనికి మిగిలేదేమిటో తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు ఆలోచించవలసి ఉన్నది.