మంచులోకి వెళ్లే ముందు ట్రెక్కింగ్ పోల్‌ను సిద్ధం చేద్దాం



మన హార్స్‌లీ హిల్స్‌లో తెల్లవారుజామున కమ్మే మంచు దారిని దాచేస్తుంది. హిమాలయాల్లో మంచు అలా కాదు, అడుగు వేస్తే మోకాలి దాకా దిగిపోతుంది. సెలవుల్లో పిల్లలను అక్కడికి పంపేటప్పుడు బూట్లు, స్వెట్టర్లు శ్రద్ధగా కొంటాం. ట్రెక్కింగ్ పోల్ మాత్రం ఇంట్లో ఉన్నదే బ్యాగులో పెట్టేస్తాం. మామూలు కొండ ఎక్కడానికి సరిపోయిన ఆ కర్ర మంచులో లోతుగా దిగబడవచ్చు, లేదా బిడ్డ బరువు మోపిన క్షణంలోనే లోపలికి ముడుచుకుపోవచ్చు. అందుకే ఈ చిన్న మార్పులు ఇంట్లోనే చేయించండి.

బాస్కెట్ మార్చండి: పోల్ అడుగున ఉండే ప్లాస్టిక్ బిళ్లను బాస్కెట్ అంటారు. మామూలు దారులకు చిన్నది చాలు. మంచుకు అరచేతి వెడల్పున్న స్నో బాస్కెట్ కావాలి. అది బరువును పరచి, కర్ర దిగబడకుండా ఆపుతుంది. మీ పోల్ కంపెనీదే కొనండి, వేరేది మర సరిపోక దారిలో ఊడిపోవచ్చు.

రబ్బరు తొడుగు తీయండి: గడ్డకట్టిన మంచు మీద రబ్బరు జారుతుంది, లోపలి లోహపు మొనే పట్టు ఇస్తుంది. బస్సులో, రైల్లో మాత్రం తొడుగు ఉంచండి. విమానంలో వెళ్తుంటే పోల్‌ను చెక్-ఇన్ లగేజీలో పెట్టండి.

ఎత్తు సరిచూడండి: మొన నేలకు ఆనినప్పుడు మోచేయి లంబకోణంలో ఉండాలి. పిల్లలు ఎదుగుతారు కాబట్టి నిరుడు పెట్టిన కొలత ఈ ఏడాదికి పనికిరాదు. మెత్తటి మంచులో కర్ర కొంత దిగుతుంది గనుక కాస్త పొడవు పెంచాలి. ఎక్కేటప్పుడు 5 నుంచి 10 సెంటీమీటర్లు తగ్గించాలి, దిగేటప్పుడు అంతే పెంచాలి. గొట్టం మీద ‘స్టాప్’ లేదా ‘మాక్స్’ అని ఉన్న గీత దాటి లాగకూడదు.

లాక్ పరీక్షించండి: పోల్‌ను నిలబెట్టి బిడ్డ బరువంతా మోపమనండి. ముడుచుకుంటే లాక్ వదులైందన్నమాట. క్లిప్ లాక్ అయితే పక్కనున్న స్క్రూను కొద్దిగా బిగించండి. తిప్పే లాక్ అయితే భాగాలు విడదీసి, లోపలి దుమ్ము తుడిచి మళ్లీ బిగించండి. నూనె, గ్రీజు అసలు వద్దు, లాక్ జారిపోతుంది. ఈ పనులన్నీ మీ బిడ్డ చేతి తొడుగులు వేసుకునే చేయగలగాలి. చలికి వేళ్లు మొద్దుబారాక కొత్తగా నేర్చుకోవడం కుదరదు.

తిరిగొచ్చాక: భాగాలన్నీ విడదీసి, తుడిచి, నీడలో ఆరనివ్వండి. తడితోనే ముడిచి పెడితే అల్యూమినియం చిలుము పట్టి, గొట్టాలు బిగుసుకుపోతాయి. ట్రెక్‌లో కూడా రాత్రిపూట పోల్ తుడవాలి, లోపలి తడి గడ్డకడితే తెల్లారి లాక్ తెరుచుకోదు.

2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ అప్పట్లో గురుకుల విద్యార్థులు. వారు మొదట సాధన చేసింది మంచు మీద కాదు, భువనగిరి రాతిగుట్ట మీద. మన పిల్లలకు హార్స్‌లీ హిల్స్ దగ్గరలోనే ఉంది. ఓ ఆదివారం అక్కడికి తీసుకెళ్లి, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ పోల్ ఎత్తు మార్చడం వాళ్ల చేతే చేయించండి. కర్ర తీరు అక్కడే తెలిస్తే, మంచులో మీ బిడ్డ ధైర్యంగా అడుగు వేస్తుంది.