ఏటి నడుమ పట్టణపు వేడుక

ఊరి నడుమ పాఱు ఏటికి సాధారణముగా రెండు గతులు గానవచ్చును. పర్వదినములందు పసుపు కుంకుమలు, తక్కిన దినములందు ఇంటింటి మురుగు. ఈ రెండును గాక మూడవ గతి యొకటి కలదని, అమెరికా దేశమున టెక్సాసు రాష్ట్రమునందలి శాన్ ఆంటోనియో నగరమున పడవ నెక్కినప్పుడు మాకు తెలిసినది. అచ్చట నది ఆ నగరమునకు నట్టిల్లువలె నున్నది. దాని నట్లు నిలుపుటలో స్త్రీల చేయి కలదు గనుక ఆ వృత్తాంతమును మన సోదరీమణులకు దెలుపదలచితిమి.

నదిని జేరుటకు వీధినుండి రాతిమెట్లు దిగవలెను. నీరు వీధికంటె సుమారొక అంతస్తు పల్లమున నుండును. దిగినకొలది మీది బండ్ల రొద సన్నగిల్లి, నీటి చల్లదనము మేనికి సోకును. పడవలు చదునైనవి, రంగురంగులవి. విద్యుచ్ఛక్తిచే నడచును గనుక పొగ లేదు. ఒకమారు చుట్టివచ్చుటకు అరగంటకు కొంచెము మించి పట్టును. పడవ నడపువారే దారిపొడుగున ఊరి కథలు చెప్పుచుందురు.

ఇరుగట్టుల సైప్రసు మహావృక్షములు నీటి యంచున నిలిచి నీడ నొసగుచున్నవి. ఆ నీడలో భోజనశాలలు, రంగుల గొడుగులు, అంగళ్లు, పాటకచ్చేరులు. 1946 వ సంవత్సరమున నదికి మొగమై మొట్టమొదట వెలసిన భోజనశాల నేటికిని నడచుచున్నది. మఱియొకచోట ఆర్నెసన్ నాట్యశాల యున్నది. రంగస్థలము ఒక గట్టున, చూపరులు గూర్చుండు పచ్చికమెట్లు ఎదుటి గట్టున, నడుమ నది. ఆట సాగుచుండగా నట్టనడుమ పడవ పోవును. పడవలోనివారు తామును పాత్రలమైతిమా యని నవ్వుకొందురు.

ఇంతటి వేడుకకు మూలమొక విపత్తు. 1921 వ సంవత్సరము సెప్టెంబరు నెలలో ఈ నది పొంగి సుమారు 50 మందిని బలిగొన్నది. 1908 లో మూసీ పొంగి హైదరాబాదును ముంచిన కథ మన పెద్దలవలన విన్నవారికి ఆ భయము వేఱుగా వర్ణింప నక్కఱలేదు. అక్కడ ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు నిర్మించినట్లే, ఇక్కడ నగరమునకు ఎగువను 1926 నాటికి ఓల్మోస్ ఆనకట్ట కట్టిరి. వరదనీరు నేరుగా పోవుటకు ఊరిలో అడ్డకాలువయు త్రవ్విరి. అంతట నది వంపు తిరిగిన పాత పాయ కొందఱి కంటికి పనికిమాలినదిగా దోచెను. దానిని కప్పి పైని బాట వేయవచ్చునను మాటలు పుట్టెను.

ఇంతలో 1924 లో ఎమిలీ ఎడ్వర్డ్సు, రీనా మావరిక్ గ్రీను అను స్త్రీలు మఱికొందఱితో గూడి ప్రాచీనవస్తు సంరక్షణ సమాజము నొకటి స్థాపించిరి. వారు మొదట కాపాడబూనినది ఒక పాత సంతభవనము. అది దక్కలేదు. అయినను వారు నిరుత్సాహపడక, నగరాధికారుల యెదుట బొమ్మలాట యొకటి యాడించిరి. కథ బంగారు గ్రుడ్లు పెట్టు బాతుది. ఊరి సొగసే ఆ బంగారమనియు, లోభమున బాతును జంపుకొన్నచో మిగులునది శూన్యమనియు తాత్పర్యము. మన జాతకకథలలోని సువర్ణహంస కథ ఎఱిగినవారికి ఇది క్రొత్తది కాదు.

ఆ బొమ్మలాట యొక్కటియే నదిని బ్రదికించినదని అచ్చటి లోకులు చెప్పుకొందురు. అది కొంత అతిశయోక్తియే. ఒక్కనాటి యాటతో నదులు బ్రదుకవు. పలువురి పట్టుదల, పదునేడేండ్ల కాలము అందుకు పట్టినవి. 1929 లో రాబర్టు హగ్మన్ అను యువశిల్పి, పాత పాయ గట్టున అంగళ్లును, మెట్లును, నడకబాటలును గల వీధిని ఊహించి పటము వ్రాసెను. పిదప ఆర్థికమాంద్యము వచ్చి ఆ పటము మూలబడెను. తుదకు నిరుద్యోగులకు పని గల్పించు ప్రభుత్వ పథకముక్రింద 1939 లో పని యారంభమై 1941 లో ముగిసెను. హగ్మన్‌ను మాత్రము నడుమనే, 1940 లో, పనినుండి తొలగించిరి. అయినను ఆయన నీటిమట్టముననే తన కార్యాలయమును దెఱచి, తన ఊహపై తనకుగల నమ్మకమును జూపెను.

పని ముగిసినంతనే జనము రాలేదు. చాలకాల మా గట్లు నిర్జనములై చెడ్డపేరు తెచ్చుకొన్నవి. 1968 లో అచ్చట జరిగిన ప్రపంచ ప్రదర్శన కొఱకు నదిని పొడిగించిన తరువాతనే ఈ వైభవము గలిగినది. వరదభయము తగ్గించుటకు 1997 నాటికి నేలక్రింద సుమారు 150 అడుగుల లోతున 3 మైళ్ల సొరంగము త్రవ్విరి. పొంగిన నీరు అందుగుండ ఊరి క్రిందుగా సాగిపోవును. ఇల్లాలు గంగాళమును కడిగి బోర్లించినట్లు, అప్పుడప్పుడు నీటిని తీసివేసి ఏటి యడుగును శుభ్రపఱచుటయు కలదు. పైకి గానవచ్చు సొగసువెనుక ఇంత చాకిరి యున్నది.

ఇప్పుడు బంగారు గ్రుడ్లు మెండుగనే పడుచున్నవి. గట్టులనిండ విడిదిశాలలు, అంగళ్లు. సాయంకాలము కాలిబాటపై కాలుమోపుటకు చోటు దొరకుట కష్టము. జనసమ్మర్దముచే ఏటి శాంతి చెడినచో, అదియు బాతును జంపుటయే యగును. ఆ స్త్రీల హెచ్చరిక శతవర్షములు గడచినను పాతపడలేదు.

పరదేశపు వేడుకను వర్ణించి ఊరకుండుట మా యుద్దేశము కాదు. ఇంటిలో పగిలిన పాత్రనైన అతికి వాడుకొను నేర్పు మనకున్నది. ఊరి యేరు చెడినప్పుడు మాత్రము అది పురుషుల పనియనియు, సర్కారు పనియనియు తలుపు వేసికొనుచున్నాము. ఏటికి పసుపు కుంకుమ లర్పించు చేతులు అర్జీ వ్రాయుటకు అశక్తములు గావు. తోలుబొమ్మలాట పుట్టియున్న నేల మనది. మొదలిడుటకు అదియైనను చాలును.