కన్నీటికీ లాలాజలానికీ ఆజ్ఞ మోసే పెట్రోసల్ నరాలు

ఉల్లిపాయ తరిగేటప్పుడు కంటితో పాటు ముక్కు కూడా ఎందుకు కారుతుందని గృహిణులు నన్ను తరచుగా అడుగుతుంటారు. కంటి నీరు కొంత ముక్కులోకి దిగుతుందన్నది నిజమే. అయితే అది సగం సమాధానం మాత్రమే. కన్నీటి గ్రంథికీ, ముక్కు లోపలి పొరలోని గ్రంథులకూ ఆజ్ఞను చేరవేసేది ఒకే నరం. దాని పేరు పెద్ద పెట్రోసల్ నరం.

చెవి లోపలి భాగాలను తనలో పొదువుకొని ఉన్న కణత ఎముక భాగం మిక్కిలి గట్టిది. శిల అని అర్థమిచ్చే గ్రీకు మాట నుండి దానికీ, దానిని ఆనుకొని పోయే ఈ నరాలకూ ఆ పేరు వచ్చింది. మెదడు నుండి వెలువడే 12 జతల కపాల నరాలలో 7వది ముఖ నరం. అది ఈ ఎముకలోని సన్నని సొరంగంలో మలుపు తిరిగే చోట ఒక కణుపు ఉన్నది. పెద్ద పెట్రోసల్ నరం అక్కడే విడివడి, ముక్కు వెనుకనున్న మరొక కణుపును చేరుతుంది. అక్కడి నుండి తంతువులు కన్నీటి గ్రంథికీ, ముక్కుకూ, అంగిలికీ పోతాయి.

చిన్న పెట్రోసల్ నరం 9వ కపాల నరానికి చెందినది. మధ్య చెవి మీదుగా వచ్చి, చెవి ముందున్న లాలాజల గ్రంథికి సందేశం పంపుతుంది. గవదబిళ్ళలలో వాచేది ఈ గ్రంథియే. అప్పుడు పులుపు నాలుకకు తగలగానే దవడ జివ్వుమని లాగడానికి కారణం, వాచిన గ్రంథిని ఈ నరం పని చేయమనడమే.

మూతి వంకర పోయే వ్యాధిని ఆయుర్వేదం అర్దితమన్నది. ముఖ నరం దెబ్బతిన్నందున వచ్చే రకంలో ఆ వైపు కన్ను మూతపడదు. క్రింది రెప్ప వాలి నీరు చెంపపైకి జారుతుంటే, కంటికి తడి చాలినంత ఉన్నదని ఇంటివారు భావిస్తారు. నిజానికి రెప్ప ఆడక ఆ నీరు నల్లగుడ్డుపై పరచుకోదు. దెబ్బ పైన చెప్పిన కణుపు వద్ద గాని, అంతకు ముందు గాని తగిలితే కన్నీరు ఊరడమే తగ్గుతుంది. రెప్ప అంచున కాగితపు పట్టీ ఉంచి వైద్యులు దీనిని పరీక్షిస్తారు. 5 నిమిషాలలో 5 మిల్లీమీటర్ల తడి కూడా పాకకపోతే కన్ను పొడిబారినట్లే. అశ్రద్ధ చేస్తే నల్లగుడ్డుపై పుండు పడి చూపుకే ముప్పు రావచ్చు.

కనుక ఫ్యాను గాలి సూటిగా తగలనీయరాదు. బయట కళ్ళద్దాలు ధరించాలి. వైద్యులు ఇచ్చిన చుక్కలు, రాత్రివేళ లేపనం వాడుతూ, వారు చూపిన విధంగా రెప్పను మూసి ఉంచాలి. ఆముదం, తేనె, చనుబాలు కంటిలో వేయరాదు. అర్దితానికి నస్యకర్మ శాస్త్రంలో చెప్పబడినదే. కాని ముక్కులో వేసిన తైలం ఎముకలోని నరాన్ని చక్కబరుస్తుందని నేను చెప్పజాలను. స్టెరాయిడ్ మాత్రలు మొదటి 72 గంటలలో ఆరంభిస్తేనే మేలు ఎక్కువ. ఆ వ్యవధిని చిట్కాలతో గడపవద్దు. నుదురు ముడుత పడుతూ మూతి మాత్రమే వంకర పోయినా, మాట తడబడినా, చేయి పట్టు తప్పినా అది మెదడుకు వచ్చిన పక్షవాతం కావచ్చు; తక్షణం ఆసుపత్రికి చేర్చాలి.

కోలుకున్న కొందరికి కొన్ని నెలల తరువాత అన్నం తింటుంటే ఒక కంట నీరు కారుతుంది. లాలాజలానికి పోవలసిన తంతువులు తిరిగి పెరుగుతూ దారి తప్పి కన్నీటి గ్రంథికి చేరడమే దీనికి కారణం. వైద్యులు దీనిని మొసలి కన్నీరంటారు. కూరలో కారం తగ్గించినంత మాత్రాన ఇది ఆగదు.