లక్ష డాలర్ల వ్యానిల్లు!

'నోమాడ్‌లాండ్' చూశారుగా! 2021లో ఉత్తమ చిత్రం, దర్శకత్వం, నటి – మూడు ఆస్కార్లు కొట్టేసిన సినిమా. అందులో ఫెర్న్‌కి (ఫ్రాన్సెస్ మెక్‌డార్మండ్) పాత వ్యానే ఇల్లు. మంచం, అరలూ తనే అమర్చుకుంది. బండి చెడితే రిపేరుకి దాదాపు 2,300 డాలర్లన్నారు. పాపం, తోబుట్టువు దగ్గర చెయ్యి చాచింది!

అలాంటి సరంజామానే ఫ్యాక్టరీలో బిగించి, అమెరికాలో విన్నెబాగో కంపెనీ 'సోలిస్ పాకెట్' అంటూ అమ్మింది. పొడవు సుమారు 18 అడుగులు. ధరో? లక్ష డాలర్లు దాటింది! మన తారల కారవాన్‌లా ఉంటుందనుకునేరు... విడిగా స్నానాలగది కూడా లేదు.

మరి అంత డబ్బు దేనికంటారా? కొత్త ఇంజనూ, హీటరూ, సోలారు పలకా, నిపుణులు వేసిన వైరింగూ, పైన గ్యారంటీ కాగితమూ. ఇవేవీ తీసిపారేసేవి కావు. చలిలో ఫెర్న్ వణకడం చూశాంగా!

అయినా నా ఓటు సగమే. ఏడాదిలో ఆర్నెల్లు రోడ్డుమీదే ఉండే జంటకి గిట్టుబాటు. పదిరోజుల షికారుకైతే శుద్ధ దండగ. ఇల్లు లేక వ్యానెక్కిన ఫెర్న్‌లాంటి వాళ్లకా, అందని పండే. కొనగలిగినవాళ్లయినా ముందు ఓ వారం అద్దెకి తీసుకోండి. జోరువానలో ఇద్దరూ రోజంతా లోపలే గడిపి చూడండి.