బోరు మోటారు కెపాసిటర్ మార్చేటప్పుడు వోల్టేజి అంకె కూడా చూడండి

సింగిల్ ఫేజ్ బోరు మోటారు స్టార్టర్ డబ్బాలోని కెపాసిటర్, అంటే కండెన్సర్, పాడైతే చాలామంది రైతులు మైక్రోఫారడ్ అంకె ఒక్కటే చూసి కొత్తది తెస్తారు. ఇది సరిపోదు.

కెపాసిటర్ లోపల రెండు లోహపు పొరలు, వాటి మధ్య పలుచని ప్లాస్టిక్ పొర ఉంటాయి. లోహపు పొరల మధ్య దూరం రెట్టింపైతే కెపాసిటెన్స్ సగమవుతుంది.

• సరఫరాకు కలిపి ఉంటే: వోల్టేజి మారదు, కాబట్టి నిల్వ ఉండే చార్జి సగమవుతుంది.
• సరఫరా తీసేశాక: చార్జి అలాగే ఉంటుంది, కాబట్టి దూరం రెట్టింపైతే వోల్టేజి రెట్టింపవుతుంది.

దూరం తగ్గితే చిన్న డబ్బాలోనే ఎక్కువ చార్జి పడుతుంది. కానీ పలుచని పొర ఎక్కువ వోల్టేజిని తట్టుకోలేదు. మోటారు నడుస్తున్నప్పుడు రన్ కెపాసిటర్‌పై పడే వోల్టేజి లైను వోల్టేజి కంటే ఎక్కువగా ఉంటుంది. అందుకే 440 వోల్టులది తీసి 250 వోల్టులది బిగిస్తే పొర చిల్లుపడి కాలిపోయే ప్రమాదం ఉంది.

పాటించవలసిన జాగ్రత్తలు:

• మైక్రోఫారడ్ అంకె పాతదానితో సమానంగా ఉండాలి. వోల్టేజి అంకె సమానంగా గానీ, ఎక్కువగా గానీ ఉండాలి.
• మెయిన్ ఆపి, ఫ్యూజులు తీసినా కెపాసిటర్‌లో చార్జి మిగిలి ఉండవచ్చు. వెంటనే చేయి పెట్టకండి. ఎలక్ట్రీషియన్ చేత చార్జి దింపించాకే విప్పండి.