పోలీసు కాగితాలలోని పాఠం

దక్షిణ ఢిల్లీలో ఐ.ఐ.టి. ప్రాంగణాన్ని ఆనుకొని జియా సరాయ్ అనే ఇరుకైన పల్లె వున్నది. పోటీ పరీక్షలకు చదివే యువకులకు అది నెలవు. ఆ ప్రాంగణంలోనే ఆచార్య దినేశ్ మోహన్ (2021లో కీర్తిశేషులైనారు), ఆచార్య గీతం తివారీ ప్రభృతులు ఢిల్లీ పోలీసుల రోడ్డు ప్రమాదాల రికార్డులను ఏళ్ల తరబడి పరిశీలించారు.

మరణించినదెవరు, ఎక్కడ, ఏ వేళ, ఏ వాహనం కింద? పోలీసు ఇదంతా రాసేది నేరస్థుని కోర్టుకు అప్పగించేందుకు. కేసు ముగియగానే కట్ట అటకెక్కుతుంది. పరిశోధకుడు వందల కట్టలను కలిపి చదువుతాడు. అలా చదవగా తేలినదేమిటి? మృతులలో అత్యధికులు పాదచారులు, ద్విచక్రవాహనదారులు; కార్లలో తిరిగేవారు స్వల్పం. అంటే దోషం డ్రైవరుదే కాదు, నడిచేవారికి చోటివ్వని రోడ్డుది కూడా.

పోలీసు రాయనిదే పరిశోధకునికి ఆధారం లేదు. పరిశోధకుడు చదవనిదే ఆ రాత మృతునితోపాటే మరుగున పడుతుంది.